చిన్న ముక్కలకు నీలం వద్దు

నస్రీన్ సంతాప సభలో మా ల్యాబ్ పాత హెడ్, డాక్టర్ టాన్ మాట్లాడుతూ, ఆమె ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక్కసారి కూడా ఎవరికీ కాదని చెప్పలేదన్నారు. మెచ్చుకుంటున్నాననుకునే అన్నారు. గదిలో అందరూ తలలూపారు. నేను లేచి నిలబడి, "ఆమె కాదంది, డాక్టర్ టాన్. మీతోనే అంది. నేను పక్కనే ఉన్నాను" అన్నాను. తరువాత ఎవరో కరీ పఫ్‌ల ట్రే ముందుకు జరిపారు. సభ అయిపోయింది.

ఆ రోజు ఒక్క మాటే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ చెబుతున్నాను.

నేను సింగపూర్‌లో ఒక ల్యాబ్‌లో డీఎన్ఏ పరీక్షలు చేసి రిటైరయ్యాను. నస్రీన్‌దీ అదే పని, అదే బెంచి. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఏ సంవత్సరం ఏ హోదా వచ్చిందో రాయను, అది ఎవరికీ పనికిరాదు. ఒక రంగు గురించి రాస్తాను. ల్యాబ్‌లో అంతకంటే అల్పమైన వస్తువు లేదని అనుకుంటారు. దాని గురించి ఎవరైనా గట్టిగా మాట్లాడితే, దీనికింత గొడవా అంటారు. గొడవే. ఇప్పుడు కూడా గొడవ పెట్టుకోవడానికే రాస్తున్నాను.

రంగు డీఎన్ఏ కాదు

ముందు పనేమిటో చెప్పాలి. అగరోజ్ అనే పొడిని మరిగించి ట్రేలో పోస్తే చల్లారి జెల్లీలా గడ్డకడుతుంది. ఇక్కడి హాకర్ సెంటర్ తిండి దుకాణాల్లో అమ్మే అగర్ అగర్ జెల్లీ కూడా సముద్రపు నాచు నుంచే వస్తుంది కాబట్టి, ఉద్యోగంలో చేరిన మొదటి రోజున ప్రతివాళ్ళూ తినొచ్చా అని అడుగుతారు. వద్దు. ఆ జెల్‌కి ఒక చివర వరసగా చిన్న గుంటలుంటాయి. ఒక్కో గుంటలో ఒక్కో మనిషి డీఎన్ఏ వేసి కరెంటు పెడితే, డీఎన్ఏ ముక్కలు రెండో చివర వైపు కదులుతాయి. ఒక్కో గుంట ముందున్న దారిని లేన్ అంటాం. చిన్నవి ముందు పోతాయి, పెద్దవి వెనక నిలుస్తాయి. ముక్క పొడవును అక్షరాల్లో లెక్కిస్తాం. తరువాత జెల్‌ను అతినీలలోహిత కాంతి కింద పెట్టి ఫోటో తీస్తే, డీఎన్ఏ ఉన్నచోట మెరిసే గీతలు కనిపిస్తాయి. వాటినే బ్యాండ్లు అంటాం. ఏ బ్యాండ్ ఉంది, ఏది లేదు అన్నదాన్ని బట్టి రిపోర్టు రాస్తాం.

జెల్ నడుస్తున్నంతసేపూ డీఎన్ఏ కంటికి కనిపించదు. అందుకని దానిలో ఒక రంగు కలుపుతాం. గుంటలో వేసింది సరిగా పడిందో లేదో ఆ రంగు చూపిస్తుంది. ఎంతదూరం నడిచిందో కూడా చూపిస్తుంది. ఎక్కువమంది వాడేది ముదురు నీలం. దానికంటే వెనక నడిచే ఆకుపచ్చ కలిసిన నీలం ఒకటుంది. అన్నిటికంటే ముందు నడిచే నారింజ ఒకటుంది.

రంగు డీఎన్ఏ కాదు. అది డీఎన్ఏ పక్కన నడిచే వేరే పదార్థం. ఈ మాట చదువుకున్నవాళ్ళందరికీ తెలుసు, పనిలో పడ్డాక అందరూ మరిచిపోతారు. ఇంకో సంగతి మాత్రం చాలామందికి చెప్పనే చెప్పరు. రంగు కాంతిని మింగుతుంది. నీలం ఆగినచోట ఫోటోలో ఒక నల్లటి మసక పడుతుంది. మీ బ్యాండ్ సరిగ్గా అక్కడే ఉండి, అదీ బలహీనంగా ఉంటే, మీకది కనిపించదు. బ్యాండ్ ఉంటుంది. మీరు మాత్రం లేదని రాస్తారు.

మకాన్ గడియారం

మరి నీలమే ఎందుకు వాడతారంటే, కంటికి బాగా ఆనుతుంది కనుక. జెల్‌ను నీళ్ళలో ముంచి నడిపే ట్యాంక్ అద్దం మీద మార్కర్‌తో రెండు గీతలు గీసి ఉండేవి. నీలం మొదటి గీత దాటితే మకాన్‌కి, అంటే తిండికి, బయలుదేరవచ్చు, రెండో గీత చేరేలోపు తిని వచ్చేయాలి. కింద ఫుడ్ కోర్టులో టేబుల్ దొరకడం కష్టం. అందుకని ఒకరు ముందే దిగి టిష్యూ ప్యాకెట్లు పెట్టి చోప్ చేసి, అంటే ఈ చోటు మాదని పట్టిపెట్టి, కూర్చునేవారు. ట్యాంకులు తక్కువైన రోజుల్లో వాటిని కూడా అలాగే చోప్ చేసేవాళ్ళం. ట్యాంక్ మూత మీద టిష్యూ ప్యాకెట్ ఉంటే ఇంకొకరు ముట్టుకోకూడదు. ఆ నియమం ఎక్కడా రాసి లేదు. రాసి ఉన్నవాటికంటే దాన్నే ఎక్కువ గౌరవించేవాళ్ళం.

అంటే రంగును ఎంచుకున్నది మా కళ్ళు, మా కడుపులు. డీఎన్ఏ ముక్క సైజును ఎవరూ అడగలేదు.

దీనివల్ల జరిగే నష్టం ఒక్క రకంగా ఉండదు. ఒకసారి కొత్తగా చేరిన ఒకాయన నీలం అయిపోయిందని ఆకుపచ్చ కలిసిన నీలం ఒక్కటే కలిపాడు. అది పెద్ద ముక్కలతోపాటు మెల్లగా నడుస్తుంది. అది రెండో గీత చేరేదాకా ఓపికగా కూర్చున్నాడు. అప్పటికి చిన్న ముక్కలన్నీ జెల్ దాటి నీళ్ళపాలయ్యాయి. ఫోటోలో కింది సగమంతా నలుపు. "సాంపిల్‌లో డీఎన్ఏ లేదు" అని ప్రకటించాడు. నస్రీన్ ట్యాంక్ వైపు చూపించి, "ఉన్నది భాయ్, గా నీళ్ళల్ల ఈత కొడుతున్నది" అంది. ఆయనకు తెలుగు రాదు. నేను ఇంగ్లీషులో చెప్పాను, అంత బాగా రాలేదు.

మేడమ్ లావ్ అడిగే ప్రశ్న

నాకు దొరికిన మంచి బాస్ మేడమ్ లావ్. డాక్టర్ టాన్ కంటే ముందు ఆమె మా హెడ్. ఎవరినీ మెచ్చుకునేది కాదు. కొత్తవాళ్ళు జెల్ పెడుతుంటే వెనక నిలబడి ఒకటే అడిగేది: "మీ రంగు ఎక్కడ కూర్చుంటుంది?"

జవాబు చెప్పలేకపోతే ఆ జెల్ ఆపించి, ఒక గుంటలో రంగు మాత్రమే, పక్క గుంటలో సైజులు తెలిసిన ముక్కల మిశ్రమం వేయించేది. అప్పుడు అర్థమయ్యేది. అదే నీలం పలచటి జెల్‌లో మూడువందల అక్షరాల ముక్క దగ్గర నడుస్తుంది. చిక్కటి జెల్‌లో నూటచిల్లర ముక్క దగ్గరికి దిగుతుంది. అగరోజ్ మానేసి వేరే రకం జెల్ వాడితే ఇంకా కిందికి పోతుంది. నీలం అంటే ఫలానా సైజు అని బట్టీపడితే పనికిరాదు. ఏ జెల్‌లో, ఎంత శాతంలో అన్నది చూడాలి.

ఆమె వెళ్ళిపోయాక ల్యాబ్‌కి కిట్లు వచ్చాయి. అన్నీ ఒకే డబ్బాలో, రంగు కూడా. చేతితో కలుపుకునే పని తగ్గింది, తప్పులూ తగ్గాయి. కిట్లను నేను తిట్టను. కానీ ఆ ప్రశ్న ఆగిపోయింది. డబ్బాలో వచ్చిన రంగు ఎక్కడ కూర్చుంటుందో తయారుచేసినవాడు చూసే ఉంటాడని అందరూ అనుకున్నారు. నమ్మకం వేరు, చూడటం వేరు.

ఆ రిపోర్టు

ఇప్పుడు అసలు సంగతి.

తలసీమియా రక్తానికి సంబంధించిన జబ్బు. తల్లిలో, తండ్రిలో ఇద్దరిలోనూ ఆ లోపం ఒక్కో పాలు ఉంటే, వాళ్ళకు ఏమీ తెలియదు, మామూలుగా బతుకుతారు. బిడ్డకు రెండు పాళ్ళూ చేరితే మాత్రం జీవితాంతం రక్తం ఎక్కించాలి. అందుకని గర్భం వచ్చినప్పుడు ఇద్దరికీ పరీక్ష చేస్తారు. ఇద్దరిలోనూ ఉందని తేలితే బిడ్డకు పరీక్ష చేయించుకోవాలో లేదో ఆలోచించుకునే వ్యవధి వాళ్ళకుంటుంది. ఒక్కరిలోనే ఉంటే అంతటితో ఆగిపోతారు.

ఒక భర్త రిపోర్టు అప్పటికే వచ్చింది. లోపం ఉంది. భార్య గర్భవతి. ఆమె సాంపిల్ మా బెంచికి వచ్చింది. ఈ పరీక్షలో ప్రతి లేన్‌లో పైన ఒక పెద్ద బ్యాండ్ రావాలి. వస్తే పరీక్ష పనిచేసినట్టు. లోపం ఉంటే కింద ఇంకొక చిన్న బ్యాండ్ వస్తుంది, నూటచిల్లర అక్షరాలది. ఆమె లేన్‌లో పై బ్యాండ్ సన్నగా ఉంది. కింద ఏమీ లేదు. పక్కన, లోపం ఉందని ముందే తెలిసిన కంట్రోల్ సాంపిల్‌లో రెండు బ్యాండ్లూ ఉన్నాయి. పద్ధతి ప్రకారం అన్నీ సరిగా ఉన్నాయి. "లోపం కనబడలేదు" అని రిపోర్టు తయారైంది. నస్రీన్ సంతకం, ఆపైన డాక్టర్ టాన్ సంతకం పడితే వెళ్ళిపోతుంది.

నస్రీన్ సంతకం పెట్టలేదు. ఫోటో నా ముందు పెట్టింది.

"విశాలా, ఈమె బ్లడ్ కౌంట్ చూసినవా? ఎర్ర కణాలు చిన్నగున్నయి. ఐరన్ మంచిగనే ఉంది, అంటే తలసీమియా అనుమానమే. రక్తం ఒకటి చెప్తున్నది, జెల్ ఒకటి చెప్తున్నది."

"వేరే రకం లోపమేమో. ఈ పరీక్షకు అందనిది."

"కావచ్చు. కానీ గీడ చూడు." వేలితో ఫోటో అడుగున అడ్డంగా చూపించింది. అన్ని లేన్లలోనూ ఒకే ఎత్తున మసక ఉంది. "చిన్న బ్యాండ్ రావాల్సింది ఈడనే. నీలం కూర్చున్నదీ ఈడనే."

"కంట్రోల్‌లో కనిపించింది కదా."

"కంట్రోల్ పహిల్వాన్. దుప్పటి కప్పినా కనబడ్తడు. ఈమెది పానం లేని సాంపిల్, పై బ్యాండే చూడు ఎట్లున్నదో. దుప్పటి కిందున్నా మనకేం తెలుస్తది?"

నేను ఫోటోను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. ఆ మసకలో ఏమైనా ఉందని నేను ప్రమాణం చేయలేను. ఏమీ లేదని కూడా చేయలేను. రిపోర్టు మీద సంతకమంటే ఆ రెండో ప్రమాణమే.

చాంద్

డాక్టర్ టాన్ చెడ్డ మనిషి కాదు. తెలివైనవాడు, పని తెలిసినవాడు, ఎవరి మీదా అరవడు. రాసిపెట్టిన పద్ధతిని దాటితే ల్యాబ్ కూలిపోతుందని ఆయన నమ్మకం. నేను కూడా పద్ధతిని నమ్ముతాను. ఎవరికి తోచినట్టు వాళ్ళు పరీక్షలు చేస్తే ఎలా ఉంటుందో చూశాను. కానీ పద్ధతి పరీక్ష కోసం, పరీక్ష మనిషి కోసం. ఈ వరస తిరగబడినప్పుడు ఎవరో ఒకరు కాదనాలి.

ఆయన గదిలో మేమిద్దరం నిలబడ్డాం. కూర్చోమన్నారు, నస్రీన్ కూర్చోలేదు.

"కంట్రోల్ పనిచేసింది. కిట్ ధ్రువీకరించినది. రంగు కిట్‌తోనే వచ్చింది. ఇందులో మన నిర్ణయం ఏముంది?" అన్నారు ఆయన. ఆ పైన, ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే 'లా'తో, మామూలుగా అనే మాట కూడా అన్నారు: "డోంట్ మేక్ ఇట్ సో బిగ్, లా."

"వేరే రంగుతో మళ్ళీ నడిపిస్తాను సార్. రేపటికి తేలిపోతుంది," అంది నస్రీన్.

"వేరే రంగు వాడటం పద్ధతిని మీరడం. అది ఆడిట్‌లో రాసుకోవలసి వస్తుంది. క్లినిక్ వాళ్ళు ఇప్పటికే ఫోన్ చేస్తున్నారు. ఈ రోజు పంపాలి."

నస్రీన్ రిపోర్టు ఆయన ముందు పెట్టి, "సార్, మబ్బు పట్టి నెలవంక కనబడకపోతే, ఆకాశంలో చాంద్ లేదని చెబుతామా?" అంది.

ఆయన నవ్వారు. "ఇక్కడ నెలవంకను చూసి పండగ చెప్పరు, నస్రీన్. లెక్క కట్టి చెబుతారు."

"అయితే లెక్కే కట్టండి సార్. ఆ ముక్క సైజెంత? మన జెల్ ఎంత శాతం? అందులో నీలం ఎక్కడ కూర్చుంటుంది? కాగితం మీద లెక్క కట్టి, నాకు చూపించి, అప్పుడు సంతకం పెట్టమనండి."

ఆయన నవ్వు ఆగిపోయింది. కాగితం తీయలేదు. లెక్క ఆయనకు తెలుసు. మేడమ్ లావ్ దగ్గర ఆయన కూడా పనిచేశారు.

కాసేపటికి రిపోర్టు నా వైపు జరిపి, "మీరు కూడా సీనియరే. మీరు పెట్టండి," అన్నారు.

"పెట్టను," అన్నాను.

"ఇద్దరూ కలిసి వచ్చారా?"

"ఒకే రైల్లో రాలేదు సార్," అంది నస్రీన్. "ఆమె ఉండేది యూ టీలో, నేను పాసిర్ రిస్‌లో."

ఇది మీ అప్రైజల్‌లో కనిపిస్తుంది అని ఆయన ఆమెతో అన్నారు. బెదిరింపులా అనలేదు, సమాచారం చెప్పినట్టు చెప్పారు. "రాయండి సార్. నేను రిపోర్టు మీద మాత్రం రాయను," అని ఆమె బయటికి వచ్చేసింది.

పట్టపగలు

తరువాత జరిగింది చాటుగా జరిగిందని కొందరు చెప్పుకునేవారు. ఎందుకు చెప్పుకున్నారో తెలియదు. చాటుగా ఏమీ జరగలేదు.

పక్క అంతస్తులోని రిసెర్చ్ వాళ్ళ దగ్గర నారింజ రంగు పొడి అడిగి తెచ్చుకున్నాం. గ్లిసరిన్ కలిపి పలచగా చేసుకున్నాం. నారింజ చిన్న ముక్కలకంటే ముందే పోతుంది. మా చిక్కటి జెల్‌లో యాభై అక్షరాల ముక్క కంటే కూడా ముందుంటుంది. దాని మసక మా బ్యాండ్ మీద పడే అవకాశం లేదు. ఇంకో మేలు ఏమిటంటే, నారింజ జెల్‌లోపల ఉన్నంతవరకూ మీ ముక్క కూడా లోపలే ఉన్నట్టు.

అందరూ బెంచీల దగ్గర ఉన్నప్పుడే, మధ్యలో ఉన్న పెద్ద ట్యాంక్‌లో నస్రీన్ జెల్ పెట్టింది. మూత మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి, దానిమీద మార్కర్‌తో నస్రీన్ అని రాసింది. సాధారణంగా ఎవరూ పేరు రాయరు. ఆ భార్య సాంపిల్ ఒక గుంటలో నీలంతో, పక్క గుంటలో నారింజతో వేసింది. నారింజ ట్యాంక్‌లో సరిగా ఆనదు. రెండు నిమిషాలు కళ్ళు చికిలించి చూసి, ప్రింటర్ నుంచి ఒక తెల్ల కాగితం తెచ్చి ట్యాంక్ కింద దూర్చింది. అప్పుడు కనిపించింది. ఇంత చిన్న ఉపాయం చాలు. నారింజ కనబడదు అనే వాదనకు విలువ ఎంతో చూడండి, ఒక కాగితం.

ఆ రోజు మేము తినడానికి దిగలేదు.

ఫోటో తీసేటప్పుడు డాక్టర్ టాన్ వచ్చి మా వెనక నిలబడ్డారు. పిలవలేదు, ఆయనే వచ్చారు. నీలం వేసిన లేన్‌లో కింద మసక. నారింజ వేసిన లేన్‌లో అదే ఎత్తున ఒక సన్నని బ్యాండ్. బలహీనంగా ఉంది, కానీ ఉంది.

ఆయన వంగి ఫోటోను దగ్గరగా చూశారు. తరువాత ఆయన, "మళ్ళీ చేయండి. ఈసారి విశాల చేయాలి," అన్నారు. సరైన మాటే. నేను చేశాను. మళ్ళీ వచ్చింది.

రిపోర్టు మారింది. ఇద్దరిలోనూ లోపం ఉందని క్లినిక్‌కి తెలిసింది. బిడ్డకు పరీక్ష చేయించారా, ఏమి తేలింది, మాకు తెలియదు. ఈ ఉద్యోగంలో మనుషుల కథలు మన దగ్గరికి మధ్యలో వచ్చి మధ్యలోనే వెళ్ళిపోతాయి. వాళ్ళు ఏ నిర్ణయం తీసుకున్నా, తెలిసి తీసుకున్నారు. మేము చేయగలిగింది అంతే, కానీ అది చిన్నది కాదు.

నస్రీన్ అంతటితో ఊరుకోలేదు. పాత సాంపిళ్ళలో బలహీనమైనవన్నీ తీసి నారింజతో మళ్ళీ చూడాలని పట్టుబట్టింది. దానికి ఇంకో గొడవ. చివరికి చూశాం. ఇంకొకటి దొరకలేదు. అదృష్టం. అదృష్టాన్ని పద్ధతి అనుకోకూడదు.

ఆ సంవత్సరం ఆమె అప్రైజల్‌లో, నియమపాలన మెరుగుపడాలి అని రాశారు. కొన్నాళ్ళకు పద్ధతి కూడా మారింది. చిన్న ముక్కలకు ఇకమీదట నారింజ వాడాలని వచ్చింది. మార్పుకు కారణం అనే చోట, స్పష్టంగా కనిపించడం కోసం అని మాత్రం ఉంది. అది చదివి నస్రీన్ నవ్వింది. "నారింజ స్పష్టంగా కనబడ్తదట, విశాలా. కాగితం పెడితే గానీ నా కండ్లకు కనబడలే." నేను వెళ్ళి కారణం మార్పిస్తానన్నాను. "నక్కో. పని అయింది కద," అంది.

ఆమె మాట విన్నాను. పని కాలేదని ఇప్పుడు తెలిసింది.

మళ్ళీ నీలం

నస్రీన్ పోయిన సంవత్సరం చనిపోయింది. బతికి ఉండగా ఆమెను చూడటానికి యూ టీ నుంచి పాసిర్ రిస్ దాకా, ద్వీపం ఈ చివర నుంచి ఆ చివరికి రైల్లో వెళ్ళేదాన్ని. దూరమని చాలాసార్లు వాయిదా వేశాను. ఇప్పుడు ఆమె చోవా చూ కాంగ్ శ్మశానంలో ఉంది. నా ఫ్లాట్ నుంచి బస్సులో వెళ్ళవచ్చు.

సంతాప సభ అయిన కొన్ని వారాలకు మా బ్లాక్ లిఫ్ట్ దగ్గర కీర్తన కలిసింది. మా పై అంతస్తు అమ్మాయి, ఇక్కడే పుట్టి పెరిగింది. మా పాత ల్యాబ్‌లోనే కొత్తగా చేరింది.

"ఆంటీ, ఒకటి అడగాలి. ఆ ఆరెంజ్ డై ఎవరు పెట్టారు ఆంటీ? నో వన్ కెన్ సీ, లా."

"ఏమైందమ్మా?"

"కొత్త హెడ్ బ్లూకి మార్చేయమన్నారు. చేంజ్ రిక్వెస్ట్ నేనే రాస్తున్నా. ఓల్డ్ రీజన్ ఏంటని చూస్తే, స్పష్టంగా కనిపించడానికి అని ఉంది. ఆరెంజ్! సీరియస్లీ ఆంటీ, జోకా అది?"

లిఫ్ట్ వచ్చింది. ఎక్కకుండా నిలబడ్డాను.

మర్యాద కోసం దాచిన గొడవ అక్కడ నా ముందుకు వచ్చింది. ఎవరినీ నొప్పించకుండా రాసిన కారణం అది. నిజం కాదు కనుక దాన్ని ఎవరూ నమ్మలేదు. నమ్మనిదాన్ని తీసేయడానికి ఒక తెలివైన అమ్మాయి సిద్ధంగా ఉంది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. ఆమె స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని. సంతాప సభలో డాక్టర్ టాన్ చేసిందీ ఇదే. ఒక మనిషి నుంచి ఆమె అన్న 'కాదు'ను తీసేసి, మిగిలినదాన్ని మెచ్చుకున్నారు. విశేషణాలు ఎన్ని చేర్చినా ఆ తీసేసిన చోటు పూడదు.

"మీ చిన్న ముక్క సైజెంత?" అని అడిగాను.

"నూటచిల్లర, ఆంటీ."

"మీ జెల్‌లో బ్లూ ఎక్కడ కూర్చుంటుంది?"

"చెక్ చేయలేదు. కిట్‌లో వస్తుంది కదా."

"నా మాట నమ్మవద్దు. కంట్రోల్‌ని బాగా పలచన చెయ్. బలం లేకుండా చెయ్. రెండు రంగులతో పక్కపక్కన నడుపు. ఫోటో తీసి నువ్వే చూడు. ఆ తరువాత నీకు ఏది తోస్తే అది రాయి."

"ఆరెంజ్ అసలు కనిపించదు కదా ఆంటీ, ఎలా నడపను?"

"ట్యాంక్ కింద తెల్ల కాగితం పెట్టు."

"అంతేనా?"

"అంతే."

రెండు రోజుల తరువాత ఫోన్‌కి ఫోటో పంపింది. నీలం లేన్‌లో మసక. నారింజ లేన్‌లో బ్యాండ్. కింద ఒకటే మాట: "వా లావ్, ఆంటీ." ఆశ్చర్యపోయినప్పుడు ఇక్కడి పిల్లలు అనే మాట అది.

అప్పుడు ఆ అమ్మాయికి మొత్తం చెప్పాను. ఆ భార్య సాంపిల్, డాక్టర్ టాన్ గది, టిష్యూ ప్యాకెట్, అన్నీ. నస్రీన్ ఎవరో చెప్పాను.

కీర్తన రంగు మార్చమని రాయలేదు. కారణం మార్చమని రాసింది. రెండు వాక్యాలు: నీలం రంగు బలహీనమైన చిన్న బ్యాండ్‌ను కప్పేస్తుంది. ఈ ల్యాబ్‌లో ఒకసారి కప్పేసింది. కొత్త హెడ్ మొదటి వాక్యం బాగుందన్నారట. రెండోది ల్యాబ్ పేరుకు మంచిది కాదు, తీసేయమన్నారట.

"మరి తీసేశావా?" అని అడిగాను.

"లేదు ఆంటీ. నో అని చెప్పేశాను. మొహం చూడాలి ఆయనది! కానీ ఉంచారు."

కొత్తవాళ్ళకు నేను చెప్పగలిగేది ఇంతే. మీ ముక్క సైజు తెలుసుకోండి. మీ రంగు ఎక్కడ కూర్చుంటుందో జెల్ పెట్టకముందే చూడండి. రంగు ముక్క మీద కూర్చుంటే రంగు మార్చండి. మార్చవద్దంటే ఎందుకో లెక్క కట్టి చూపించమనండి. గెలిచాక గొడవను దాచకండి, కారణాన్ని కారణంగానే రాయండి. దీనికింత గొడవా అని ఎవరైనా అంటే, అవునని చెప్పండి.

నస్రీన్ ఎవరికీ కాదని చెప్పలేదని ఇంకెవరైనా అంటే, మా పాత ల్యాబ్‌లో చిన్న ముక్కల జెల్ నడుస్తున్నప్పుడు వెళ్ళి చూడమనండి. ట్యాంక్ కింద ఒక తెల్ల కాగితం ఉంటుంది. జెల్ చివరన కనీకనిపించని నారింజ గీత ఉంటుంది. ఆమె అన్న 'కాదు' ఇంకా అమలులో ఉంది.